పొగబండి పెంచిన ఊరు

అనంతపురం పీఠభూమిమీద చెరువును చూచుకొని వెలసిన ఊళ్లు అనేకం. గుంతకల్లు మాత్రం పట్టాలను చూచుకొని పెరిగిన ఊరు. సగటు వర్షపాతం ఏటా 550 మిల్లీమీటర్ల ప్రాంతంలోనే ఉండే ఈ నేలలో, వేరుసెనగ పండినా ఎండినా నెల తిరిగేసరికి జీతం చేతికందే కుటుంబాలు ఒకచోట అన్ని ఏర్పడడం రైలు చలవే. మద్రాసు నుండి గుత్తి, గుంతకల్లుల మీదుగా సాగిన పెద్దపట్టాల మార్గం 1871లో రాయచూరు చేరి బొంబాయి మార్గంతో కలిసింది. ఆ శతాబ్ది ముగియకముందే బళ్లారి, నంద్యాల, బెంగుళూరు దిక్కులనుండి మీటరుగేజి మార్గాలు వచ్చి ఇక్కడ చేరాయి. ఒక పట్టాల మధ్య వెడల్పు ఐదున్నర అడుగులు, మరొకదాని వెడల్పు ఒక్క మీటరు. ఒక మార్గపు పెట్టె మరొక మార్గం మీద నడవదు గనుక, సరుకంతా మనుషుల వీపుల మీదుగా ఒక బండినుండి మరొక బండికి మారవలసిందే. గుంతకల్లు వైభవానికి ఈ అసౌకర్యం కూడా ఒక కారణమంటే వింతగా తోచవచ్చుగాని, అది నిజం.

1956లో గుంతకల్లు రైల్వే డివిజనుకు కేంద్రమైంది. ఆ తరువాత 1980లలో మొదలై 1990లు ముగిసేనాటికి మీటరుగేజి పట్టాలు క్రమంగా పెద్దపట్టాలైనాయి, ఆవిరి యంత్రాలు చల్లారినాయి. ప్రయాణం సులభమైనమాట కాదనలేము. కాని బొగ్గు ఎగవేసిన ఫైర్‌మన్ విద్య, ఒంటిపట్టాల దారిలో డ్రైవరు చేతికి టోకెను అందించిన వాని నేర్పు, రాత్రి లాంతరు ఊపిన వాని జాగరూకత చెప్పేవారు లేక అణగిపోతున్నాయి.

రవాణా ప్రదర్శనశాలలు కుంగిన పట్టణాలకు పునర్జీవం పోస్తాయనే మాట ఈనాడు తరచుగా వినవస్తున్నది. ఇంగ్లండులోని స్విండన్‌ను ఇందుకు తార్కాణంగా చూపుతారు. అదీ గుంతకల్లు వలెనే రైలు పెంచిన పట్టణం. 1843లో ఆరంభమైన అక్కడి యంత్రశాల 1986లో మూతపడింది. ఆ పాత కట్టడాలలో ఒకదానిలో 2000లో రైల్వే ప్రదర్శనశాల వెలసింది. యంత్రశాలలో చెమటోడ్చిన వృద్ధులే అక్కడ స్వచ్ఛందంగా నిలిచి చూడవచ్చినవారికి తమ పని వివరించారు. అయితే స్విండన్‌ను నిలబెట్టినది ప్రదర్శనశాల ఒక్కటే అనడం అతిశయోక్తి. మిగిలిన కట్టడాలలో అంగళ్లు వచ్చాయి, కార్యాలయాలు వచ్చాయి. ఊరిలోని హోండా కార్ల కర్మాగారం అనేకులకు అన్నం పెట్టి, 2021లో అదీ మూతపడింది. పెనుకొండ దగ్గర 2019లో కియా కర్మాగారం ఆరంభమైనప్పుడు సంతోషించిన జిల్లావాసులు ఈ చివరి ముక్కను కూడా గుర్తుంచుకోవడం మంచిది.

అంత దూరం పోనక్కరలేదు. 1969 నుండి 2001 వరకు నౌకాదళంలో సేవ చేసిన కుర్సురా జలాంతర్గామిని విశాఖ తీరానికి లాగి, 2002లో ప్రదర్శనశాలగా మార్చారు. దానిలో దారి చూపేవారు నౌకాదళంలో పనిచేసి విరమించినవారు. ఇరుకు గదిలో నెలల తరబడి ఎట్లా బ్రతికారో, ఎట్లా నిద్రించారో వారు చెప్పగా విన్న విద్యార్థికి ఆ ఇనుము ఇనుముగా కనిపించదు. ఢిల్లీలోని జాతీయ రైలు ప్రదర్శనశాలకు 1971లో శంకుస్థాపన చేసిన రాష్ట్రపతి వి.వి.గిరి ఒకనాడు రైల్వే కార్మికుల నాయకుడే కావడం ఇక్కడ స్మరించదగినది.

ఈ దృష్టితో చూస్తే గుంతకల్లు వంటి చోట ఒక పాత యంత్రానికి నల్లరంగు పూసి, చుట్టూ పూలమొక్కలు నాటినంతమాత్రాన ఊరికి ఒరిగేది ఛాయాచిత్రాలు మాత్రమే. చెప్పవలసిన కథ వేరే ఉన్నది. 1893 అక్టోబరులో గుంతకల్లు రైలుగేటు కాపరి హంపన్న, తెల్లసోల్జర్ల బారినుండి పరుగెత్తివచ్చిన ఇద్దరు స్త్రీలకు ఆశ్రయమిచ్చి, అడ్డు నిలిచి, వారి తుపాకికి బలి అయినాడు. గుత్తి న్యాయవాది కేశవపిళ్లె ఆ దారుణాన్ని ‘హిందూ’ పత్రిక ద్వారా లోకానికి చాటాడు. విచారణ జరిగినా ముద్దాయి శిక్ష లేకుండా బయటపడ్డాడు. గుంతకల్లులో హంపన్నకు స్మారకం ఉన్నది. రైలు చరిత్ర అంటే ఇంజనీరు దొరల పేర్లే అనుకొనే బాలునికి, నెలకు కొద్ది రూపాయల జీతగాడైన గేటుకాపరి పేరు ముందు వినిపించవద్దా?

రెండవ కథ అంతకంటె కఠినమైనది. 1876–78 నాటి ధాత కరువు వచ్చేసరికి ఈ సీమలో రైలు నడుస్తూనే ఉన్నది. అప్పటికి అనంతపురం ప్రాంతం బళ్లారి జిల్లాలోని భాగం. మద్రాసు రేవునుండి ధాన్యం బండ్లకెక్కి వచ్చింది, అయినా జనం రాలిపోయారు. పట్టాలు గింజను మోసుకొనిరాగలవు గాని, గింజ కొనడానికి కూలివాని కొంగున కాసు ముడివేయలేవు. కరువు కమిషను 1880లో కరువును అడ్డుకొనే రైలుమార్గాలను మరిన్ని వేయాలని చెప్పింది. మార్గాలు పెరిగాయి. నేడు అవే పట్టాలమీద ఈ జిల్లా కూలిజనం బెంగుళూరుకు వలస పోతున్నది. అవే పట్టాలమీద 2020 సెప్టెంబరు 9న అనంతపురం పండ్లతో కిసాన్ రైలు ఢిల్లీకి బయలుదేరింది. తెచ్చిన రైలు, తీసుకొనిపోయిన రైలు రెండూ ఒక్కటే. ఈ చిక్కును దాచకుండా చూపగలిగిన ప్రదర్శనశాలకే గుంతకల్లువాడు రెండవసారి పిల్లలను వెంటబెట్టుకొని వస్తాడు. కేవలం యాత్రికుల కోసం కట్టినదానికి కసాపురం ఆంజనేయస్వామి దర్శనానికి వచ్చినవారు దారిలో ఒక్కమారు తొంగిచూచి పోతారు.

దానివల్ల వచ్చే ఉద్యోగాలు పదుల సంఖ్యలోనే ఉంటాయి, వలసను అది ఆపలేదు. ఆపుతుందని వాగ్దానం చేసేవారిని నమ్మనక్కరలేదు. కాని ఊరి పిల్లలు తమ తాతల పనిని విద్యగా గుర్తించడం, విశ్రాంత కార్మికుని మాటకు ఒక పీఠం దొరకడం తక్కువ లాభాలు కావు. ఇందుకు భవనం లేచేదాకా ఆగవలసిన పని లేదు. వేసవి సెలవులలో ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క ఇంటికి పోయి, పాత అట్టటిక్కెట్టు, లాంతరు, పనివేళల పుస్తకం ఏవైనా ఉన్నాయేమో అడిగి, వాటి కథ వ్రాసుకొనివస్తే, ఆ వ్రాతప్రతులే తొలి సంచయం. ఆ పని ఈ వేసవికే మొదలుకావాలి. మీటరుగేజి ఆవిరి యంత్రం ముందు నిలిచి బొగ్గు వేసిన చివరి తరంవారు ఇప్పటికే డెబ్బై ఏళ్ల ప్రాయానికి చేరువైనారు.