విశ్వవిద్యాలయ విజ్ఞానశాఖలు - కార్మికవర్గ బాధ్యత

ప్రతి సంవత్సరం ఫిబ్రవరి 28వ తేదీని దేశమంతటా జాతీయ విజ్ఞానశాస్త్ర దినంగా జరుపుకొంటున్నాము. 1928లో అదే రోజున సి.వి. రామన్ కలకత్తాలో కాంతి పరిక్షేపణానికి సంబంధించిన తమ ఆవిష్కారాన్ని నిర్ధారించుకొన్నారు. 2028 నాటికి ఆ ఘట్టానికి నూరేళ్లు నిండుతాయి. ఉత్సవాలు, ఉపన్యాసాలు ఘనంగా జరుగుతాయనడంలో సందేహం లేదు. కాని ఆ ఆవిష్కారం ఏ నేలలో మొలిచినదో, ఆ నేల నేడు ఏ స్థితిలో ఉన్నదో ఆలోచించే బాధ్యత ఎవరిది? పండితులదీ, ప్రభుత్వానిదీ మాత్రమే కాదు. రైల్వే, తపాలా ఉద్యోగులమైన మనది కూడా.

రామన్ ఒకప్పుడు మన కార్యాలయాలకు చెందినవారే. తండ్రి విశాఖపట్నంలో కళాశాల అధ్యాపకులు కాగా, బాల్యం అక్కడ గడిపిన రామన్ 1907లో ఆర్థికశాఖ ఉద్యోగంలో చేరి కలకత్తా వెళ్లారు. కొంతకాలం తపాలా తంతిశాఖల అకౌంట్ల కార్యాలయంలో కూడా పనిచేశారు. ఆయన గుమాస్తా కాదు, పెద్ద అధికారి. అయినా తెల్లవారుజామున కొన్ని గంటలు, కచేరీ విడిచిన తరువాత రాత్రి వరకు మరికొన్ని గంటలు బౌబజార్ వీధిలోని భారత విజ్ఞాన వికాస సంఘం ప్రయోగశాలలో గడిపేవారు. 1876లో మహేంద్రలాల్ సర్కార్ ప్రజల విరాళాలతో నెలకొల్పిన ఆ సంస్థలో ఆయనకు తలుపు తెరిచినవారు ఆశుతోష్ డే అనే సహాయకులు. విశ్వవిద్యాలయంలో అడుగు పెట్టని ఆశుబాబు పాతిక సంవత్సరాల పాటు రామన్‌కు కుడిభుజంగా నిలిచారు. విజ్ఞానశాస్త్రం కేవలం మహనీయుల మెదడులో పుట్టదనీ, పనివాని చేతుల్లో కూడా పుడుతుందనీ చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం అవసరం లేదు.

ఇక కలకత్తా విశ్వవిద్యాలయ విజ్ఞాన కళాశాల చరిత్రకు వద్దాము. విశ్వవిద్యాలయాలంటే పరీక్షలు జరిపి పట్టాలు పంచే కార్యాలయాలుగా ఉన్న రోజులవి. తారక్‌నాథ్ పాలిత్, రాస్‌బిహారీ ఘోష్ అనే ఇద్దరు న్యాయవాదులు లక్షలాది రూపాయల విరాళం ఇచ్చారు. ఆ పీఠాలలో భారతీయులనే ఆచార్యులుగా నియమించాలన్నది వారి షరతు. వైస్ చాన్సలర్ అశుతోష్ ముఖర్జీ ఆధ్వర్యంలో 1914 మార్చి 27న శంకుస్థాపన జరిగినది. 1917లో రామన్ ప్రభుత్వోద్యోగాన్ని వదలి, జీతం బాగా తగ్గిపోయినా లెక్కచేయక, పాలిత్ ఆచార్య పదవిని స్వీకరించారు. రసాయనశాస్త్ర ఆచార్యులు ప్రఫుల్లచంద్ర రాయ్ కళాశాల భవనంలోనే ఒక గదిలో నివసిస్తూ, అరవయ్యేళ్లు నిండిన 1921 నుండి తమ జీతాన్ని విశ్వవిద్యాలయానికే ధారపోశారు. 1922లో బెంగాలు ప్రభుత్వం షరతులతో కూడిన ధనసహాయం ఇవ్వజూపగా, స్వాతంత్ర్యాన్ని తాకట్టు పెట్టి సొమ్ము తీసుకోబోమని అశుతోష్ తిరస్కరించారు.

ఈ చరిత్రలో మనం ప్రత్యేకంగా గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. 1916లో అశుతోష్ ఇద్దరు యువకులను లెక్చరర్లుగా నియమించారు. వారే మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్. సాహా ఢాకా సమీప గ్రామంలో ఒక చిన్న పచారీ కొట్టు యజమాని కుమారుడు. 1905లో గవర్నరు రాకను బహిష్కరించినందుకు పాఠశాల నుండి వెళ్లగొట్టబడినవాడు. కొత్త భౌతికశాస్త్రం బోధించమన్నారు గాని, దానిని వారికి నేర్పిన గురువులు లేరు. యుద్ధకాలం కావడం వల్ల గ్రంథాలు కూడా కరువు. అరువు తెచ్చుకొన్న జర్మను పుస్తకాలతో తాము నేర్చుకొంటూ ఇతరులకు నేర్పారు. సాపేక్షతా సిద్ధాంత పత్రాలను ఆంగ్లంలోకి అనువదించారు. ఉష్ణగతిశాస్త్రం పాఠాలు చెబుతూనే సాహా నక్షత్రాల వర్ణపటాలను వివరించే అయనీకరణ సమీకరణాన్ని 1920లో ప్రకటించారు. బోస్ ఢాకా విశ్వవిద్యాలయంలో విద్యార్థులకు ప్లాంక్ సూత్రాన్ని వివరించే ప్రయత్నంలో పాత నిరూపణతో తృప్తి చెందక, 1924లో కొత్త మార్గం కనుగొని ఐన్‌స్టీన్‌కు పంపారు. పాఠం చెప్పే నల్లబల్ల మీదనే పరిశోధన పుట్టినది. బోధన వేరు, పరిశోధన వేరు అన్న విభజన వారు ఎరుగరు.

ఆ పరంపర మన ప్రాంతాన్ని కూడా తాకినది. ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం 1928లో కలకత్తా చేరి రామన్ వద్ద పరిశోధన సాగించి, అనంతరం ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భౌతికశాస్త్ర బోధనకు పునాదులు వేసినవారిలో ఒకరయ్యారు. ఒక విజ్ఞానశాఖ బ్రతికి ఉంటే అది మరొక విజ్ఞానశాఖను కంటుంది.

మరి నేడు? ఇటీవల ఒక శాఖా సమావేశంలో రైలుపట్టాల గ్యాంగులో పనిచేసే సభ్యుడొకరు లేచి చెప్పిన మాట మరువరానిది. ఆయన కుమార్తె ఒక విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్.సి. భౌతికశాస్త్రం చదువుతున్నది. ఆ శాఖలో స్థిర ఉద్యోగంలో ఉన్నవారు వేళ్లమీద లెక్కించదగినవారు. తక్కిన పాఠాలు గంటల లెక్కన కూలికి వచ్చే అతిథి అధ్యాపకులు చెబుతున్నారు. ప్రయోగశాలలో చెడిపోయిన పరికరాన్ని బాగుచేసే మనిషి పదవీవిరమణ చేశాక ఆ స్థానం భర్తీ కాలేదు. "మా గ్యాంగులో ఖాళీలు నింపరు, ఆ చదువులోనూ ఖాళీలే" అన్నారాయన. ఇంతకుమించిన విశ్లేషణ ఏ పండితుడు చేయగలడు?

2019లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం అతిథి అధ్యాపకునికి ఒక పాఠానికి 1,500 రూపాయలు, నెలకు 50,000 రూపాయలకు మించకుండా అని నిర్ణయించినది. అది పై పరిమితి మాత్రమే. వచ్చే సంవత్సరం తన బ్రతుకేమిటో తెలియని అధ్యాపకుడు ఐదేళ్లు పట్టే ప్రయోగాన్ని ఎట్లా తలపెట్టగలడు? పాఠానికింత అని కూలి ముట్టజెప్పినచోట పాఠం మిగులుతుంది, పరిశోధన మరణిస్తుంది. పరిశోధన మరణించిన కొద్దికాలానికి పాఠం కూడా పాత నోట్సుగా మారుతుంది. గ్రామీణ డాక్ సేవక్‌ల, కాంట్రాక్టు కార్మికుల బ్రతుకులు ఎరిగిన మనకు ఈ పద్ధతి కొత్త కాదు.

స్వాతంత్ర్యానంతరం జాతీయ ప్రయోగశాలలు, ప్రత్యేక సంస్థలు వెలసి పరిశోధన అటు తరలినది. బోధన విశ్వవిద్యాలయాలకు మిగిలినది. ఆ సంస్థల సేవను మనం తక్కువ చేయరాదు. 2006 నుండి నెలకొల్పబడిన ఐసర్ సంస్థలు రెంటినీ కలిపే సదుద్దేశంతోనే పుట్టినవి. కాని వాటిలో చదివేవారు కొద్దిమంది. దేశంలో విజ్ఞానశాస్త్రం చదివే పిల్లలలో అత్యధికులు రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో, వాటి అనుబంధ కళాశాలలలో ఉన్నారు. మన పిల్లలు అక్కడే ఉన్నారు. 2020-21 ప్రభుత్వ లెక్కల ప్రకారం దేశం పరిశోధన మీద ఖర్చు చేసినది జాతీయోత్పత్తిలో 0.64 శాతం, అందులో ఉన్నత విద్యాసంస్థల వాటా సుమారు 9 శాతం. విద్యకు జాతీయాదాయంలో 6 శాతం కేటాయించాలన్న కొఠారీ కమిషన్ (1964-66) సిఫారసు కాగితం మీదనే నిలిచిపోయినది. 2023లో చట్టబద్ధమైన జాతీయ పరిశోధనా ఫౌండేషన్ పథకంలో కూడా అధికభాగం ధనం ప్రభుత్వేతర వనరుల నుండి రావాలని లెక్క వేశారు. లాభం చూపలేని మౌలిక పరిశోధనకు ఆ సొమ్ము ఎంతవరకు చేరుతుందో వేచి చూడనక్కరలేదు, ఊహించవచ్చు.

"రైళ్లు నడిపేవారికీ, ఉత్తరాలు పంచేవారికీ ఈ గొడవ ఎందుకు?" అని అడిగేవారున్నారు. పట్టాలో కంటికి కనబడని పగులును అతిధ్వని తరంగాలతో పసిగట్టే పరికరం పట్టుకొని ఎండలో నడిచే మన సోదరుని అడగండి. ఆ తరంగాలను అర్థం చేసుకొన్నది ఎవరో ఒకనాడు, ఏ తక్షణ ప్రయోజనమూ ఆశించక చేసిన అధ్యయనం. ఆ అధ్యయనం ఆగిన దేశం పరికరాన్నీ, దానిని బాగుచేసే నేర్పునూ చిరకాలం బయటినుండే కొనుక్కోవలసివస్తుంది.

కనుక మన కోరికలు స్పష్టంగా ఉండాలి. విజ్ఞానశాఖలలో ఖాళీగా ఉన్న అధ్యాపక స్థానాలను, వాటితోపాటు ప్రయోగశాల సిబ్బంది స్థానాలను స్థిర ప్రాతిపదికన భర్తీ చేయాలి. అతిథి అధ్యాపకులకు సమాన పనికి సమాన వేతనం, సెలవులు, భద్రత కల్పించాలి. పరిశోధక విద్యార్థుల భృతి నెలనెలా అందాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల ప్రయోగశాలలకు ప్రభుత్వ ధనమే ఆధారం కావాలి.

కోరికలతో సరిపెట్టుకోరాదు. ప్రతి శాఖా ఈ విషయమై తీర్మానం చేసి స్థానిక పార్లమెంటు సభ్యునికి అందజేయాలి. రైల్వే ఇన్‌స్టిట్యూటు హాళ్లలో, తపాలా ఉద్యోగుల సమావేశ మందిరాలలో వచ్చే ఫిబ్రవరి 28న సమీప విశ్వవిద్యాలయ అధ్యాపకులను, ముఖ్యంగా అతిథి అధ్యాపకులను, ప్రయోగశాల సహాయకులను ఆహ్వానించి, వారి శాస్త్రాన్నీ, వారి కష్టాన్నీ కూడా మన కుటుంబాలకు వినిపించాలి. సాహా ప్రయోగశాలకే పరిమితం కాక 1952లో ప్రజల ఓటుతో పార్లమెంటుకు వెళ్లారు. ప్రయోగశాల ప్రజల వద్దకు వచ్చిన ఆ దారిలో ప్రజలు ప్రయోగశాల వద్దకు వెళ్లవలసిన సమయం ఆసన్నమైనది.

నాడు ఆశుబాబు తలుపు తెరిచారు. నేడు ఆ తలుపు మూతపడకుండా చూడవలసిన చేతులు మనవి.