పొట్ట సరే, దెప్పులెందుకు?

నలభై అయిదు దాటిన ఆడదానికి నడుం దగ్గర రెండంగుళాలు పెరిగితే చాలు, ఇంటిల్లిపాదీ డాక్టర్లైపోతారు. "తిని కూర్చుంటే అంతే మరి!" అంటారు. అయిదింటికి లేచి, రాత్రి పదిన్నరకి వంటింటి లైటు ఆర్పే మా ఆడపడుచు కూడా ఈ మాట పడింది. పట్టుదలకి పోయి రెండు వారాలు రాత్రి భోజనం మానేసి, చివరికి కళ్లు తిరిగి కూలబడింది. అప్పటినుంచి ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఒంట్లో కొవ్వు తిండిని బట్టే కదలదండీ. దాని తాళాలు హార్మోన్ల చేతిలో ఉన్నాయి. పెద్ద తాళం ఇన్సులిన్‌ది. అన్నం తినగానే అది పెరుగుతుంది. పెరిగి ఉన్నంతసేపూ కొవ్వు కణాలు దాచుకున్నది బయటికి వదలవు. పైగా పిండిపదార్థం దండిగా ఉంటే కణంలో మలోనిల్ కో-ఎ అనే పదార్థం తయారై, కొవ్వు ఆమ్లాలని మండించే చోటికి వెళ్లనివ్వకుండా గడపలోనే ఆపుతుంది. గ్యాసు ఉండగా కట్టెలపొయ్యి ఎవరు ముట్టిస్తారు చెప్పండి? కడుపు ఖాళీగా ఉన్న గంటల్లో ఇన్సులిన్ దిగుతుంది, అప్పుడు కొవ్వు కరిగి బయటికొస్తుంది. కాలేయం అందులో కొంత కీటోన్లుగా మారుస్తుంది. విచిత్రమేమిటంటే, ఆ కీటోన్లు మరీ పెరిగితే "ఇక నెమ్మది" అని కొవ్వు కణాలకి అవే కబురు పెడతాయి! కడుపు మాడ్చుకున్నకొద్దీ కొవ్వు అంతే వేగంగా కరగదన్నమాట.

ఇక ఈస్ట్రోజెన్. అది ఉన్నన్నాళ్లూ మన కొవ్వు ఎక్కువగా తుంటి, తొడల దగ్గర చేరుతుంది. నెలసరి ఆగే వయసులో అది తగ్గిపోయి, కొవ్వు పొట్ట లోపలికి మళ్లుతుంది. అదే తిండి, అదే చాకిరీ, అయినా చీర కుచ్చిళ్ల దగ్గర తేడా తెలుస్తుంది. ఇందులో బద్ధకం ఎక్కడుంది?

అలాగని వదిలేయమనను. పొట్టలోపలి కొవ్వుకి షుగరుతో, గుండెజబ్బుతో చుట్టరికం ఉంది. మన ఆడవాళ్లకి నడుం చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. దెప్పే మగవాళ్లు కూడా టేపు తీసుకోవచ్చు, వాళ్లకి 90. షుగరు, థైరాయిడ్ పరీక్షలకి తోడుగా వెళ్లడం దెప్పడం కంటే మేలు.

నా మటుకు నేను అడిగేది ఒక్కటే, రాత్రి భోజనం వేళ. అందరూ తిన్నాక పదింటికి కూర్చుని, మిగిలిన అన్నం పారేయలేక పెరుగుతో ఊడ్చుకునేది మనమే. మా ఇంట్లో ఎనిమిదికి అందరం కలిసే కూర్చుంటున్నాం. ఆలస్యంగా వచ్చినవాళ్లు గిన్నె మూత తీసుకుని వడ్డించుకుంటారు. మిగిలిన అన్నం పొద్దున పులిహోరకి పోతుంది.