పలకని సాక్షి

మిక్సీ జార్ల మరమ్మత్తు గురించి క్రితం మాటు వ్రాసిన దానికి వచ్చిన ఉత్తరాలలో చాలామట్టుకు మిక్సీని వదిలి కారు మీదికి వెళ్లాయి. “అద్దానికి తగిలించిన కెమేరా ఊరికే ఆగి ఆగి వెలుగుతోంది, ఏం చేయమంటారు?” అని ఒకరు. “దీపం వెలుగుతూనే ఉంది, తీరా చూస్తే బొమ్మ లేదు” అని ఇంకొకరు. ఒక సోదరి మాత్రం సూటిగా అడిగారు: “మావారు వేలు పోసి కొన్న ఈ వస్తువు నిజంగా పనిచేస్తున్నదీ లేనిదీ తెలుసుకోవడం ఎలాగండీ?”

అసలు ప్రశ్న అదే. ఫ్యాను ఆగితే చెమట పడుతుంది. ఫ్రిజ్ ఆగితే పాలు విరుగుతాయి. డాష్ కెమేరా ఆగితే మాత్రం ఎవరికీ ఏమీ కాదు. కారు నడుస్తుంది, పాట వినిపిస్తుంది, పిల్లలు వెనక సీటులో పోట్లాడుకుంటూనే ఉంటారు. దానితో మనకు పని పడేది ఏ అయిదారేళ్లకో ఒక్కనాడు. అది చెడిపోయిన సంగతి బయటపడేదీ ఆనాడే.

మా కాలేజీలో లెక్కలు చెప్పే మిత్రుడొకాయన నిరుడు వేసవిలో కుటుంబంతో హైదరాబాదు నుంచి విజయవాడ వస్తున్నారు. సూర్యాపేట దాటిన తరువాత పక్కదారిలోంచి ఒక మోటారు సైకిలు వచ్చి కారుకు తగిలింది. కుర్రవాడికి కాలు విరిగింది. జనం పోగయ్యారు. పెద్ద బండిదే తప్పన్నారు. రోడ్డు మీద ఎప్పుడూ పెద్ద బండిదే తప్పు గదా! ఆయన నిబ్బరంగానే ఉన్నారు. “కెమేరా ఉంది, చూద్దాం” అన్నారు. తీరా కార్డు తీసి చూస్తే అందులో ఆఖరి బొమ్మ సంక్రాంతినాటిది, వాళ్ల అత్తవారి ఊరి పొలిమేర. నాలుగు నెలలుగా ఆ ఎర్రదీపం ఉత్తినే మిణుకుతోందన్నమాట.

కుర్రవాడి వైద్యం ఖర్చు ఆయనే పెట్టుకున్నారు. అందుకు ఆయన బాధపడలేదు. “డబ్బుకు కాదండీ,” అన్నారు నాతో, “ఆ క్షణాన నేను తిన్నగా వెడుతున్నానో, కాస్త ఎడమకు ఒరిగానో నాకే గుర్తు లేదు. చూసుకుందామంటే లేకపోయె. మా ఆవిడ పైకి ఏమీ అనదు గాని, ఆమెకూ అదే అనుమానం.”

ఆ కార్డుకేమయిందో చెప్పుకుందాం. డాష్ కెమేరా మూడేసి నిమిషాల ముక్కలుగా బొమ్మ తీస్తూ, కార్డు నిండగానే అన్నిటికన్న పాత ముక్కను చెరిపి ఆ చోట కొత్తది వ్రాస్తుంది. పిల్లవాడు పలక మీద వ్రాసి, తుడిచి, మళ్లీ వ్రాసినట్టే. మామూలు 1080 గీతల బొమ్మకు నిమిషానికి సుమారు 100 మెగాబైట్లు కావాలి. ఆ లెక్కన 64 గిగాబైట్ల కార్డులో తొమ్మిది పది గంటల ప్రయాణం పడుతుంది. రోజుకు రెండు గంటలు తిరిగే కారులో ఆ పలకను ఏడాదికి డెబ్బై సార్లు తుడిచినట్టు. కారు నిలిపి ఉంచినప్పుడు కూడా తీస్తూ ఉండమని వదిలితే ఆ లెక్క ఎనిమిది వందలు దాటుతుంది. ఇలా చెరిపి వ్రాయడానికి ఫ్లాష్ మెమొరీకి ఒక హద్దు ఉంది. చౌకరకం చిప్పులలో ఆ హద్దు వందలలోనే ఉంటుంది. పైగా మన ఎండలు! అరిగిన కార్డు ఒక్కొక్కప్పుడు పాత బొమ్మలను నిక్షేపంగా చూపిస్తుంది, కొత్తది వ్రాయడానికి మాత్రం మొరాయిస్తుంది. మా లెక్కల మాష్టారి సంక్రాంతి కార్డు సరిగ్గా ఇటువంటిదే.

అంచేత సెల్‌ఫోనులోంచి తీసిన పాత కార్డును కెమేరాలో పెట్టే పొదుపు వద్దు. కార్డు మీద ‘హై ఎండ్యూరెన్స్’ అని అచ్చువేసిన రకాలున్నాయి, అవి ఈ పనికోసమే చేసినవి. కొనేది నమ్మకమైన చోట కొనండి. 128 అని పైన వ్రాసి లోపల అందులో పావువంతు కూడా లేని దొంగసరుకు బజారులో కద్దు. నెలకొకసారి, కావలసిన బొమ్మలుంటే వేరే చోట దాచుకుని, కార్డును కెమేరాలోనే ఫార్మాట్ చేయండి. కంప్యూటరులో చేసిన ఫార్మాటు కొన్ని కెమేరాలకు పడదు. రోజూ కారు తీసేవారు రెండేళ్లు దాటిన కార్డును నమ్మకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

కార్డు బాగానే ఉన్నా అది మరో విధంగా నిండిపోవచ్చు. ఈ కెమేరాలలో కుదుపును పసిగట్టే ఏర్పాటు ఒకటుంటుంది. గట్టి కుదుపు తగలగానే ప్రమాదమనుకుని, ఆ ముక్కను చెరపకుండా తాళం వేసి పక్కన పెడుతుంది. ఉద్దేశం మంచిదే. కాని మన వీథుల్లో వీథికి రెండు స్పీడు బ్రేకర్లు, వాటి మధ్య మునిసిపాలిటీవారు తవ్వి మరచిన గొయ్యి ఒకటి! కూరగాయలకు వెళ్లివచ్చే లోపల అరడజను ‘ప్రమాదాలు’ నమోదవుతాయి. కొన్నాళ్లకు కార్డంతా తాళాల మయమై కొత్త బొమ్మకు చోటుండదు. సెట్టింగులలో దాని చురుకుదనాన్ని ‘లో’కి తగ్గిస్తే సరిపోతుంది.

ఇక వేడి సంగతి. ఎండలో అద్దాలు బిగించి నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. రెంటచింతల, రామగుండం పాఠకులకు నేను వేరే చెప్పనక్కరలేదు. కెమేరా లోపల చిన్న లిథియం బ్యాటరీ ఉంటే అది ఈ వేడికి ఉబ్బుతుంది. డొక్క పొంగిన కెమేరాను వెంటనే తీసివేయాలి, గుచ్చి చూడకూడదు. బ్యాటరీకి బదులు సూపర్ కెపాసిటరు ఉన్న రకాలు వేడికి బాగా ఓర్చుకుంటాయి, మన దేశానికి అవే నయం. వీటిలో ఏదున్నా దాని అసలు పని కెమేరాను గంటలతరబడి నడిపించడం కాదు. కారు కరెంటు ఠక్కున పోయినప్పుడు, వ్రాస్తున్న ఆఖరి ముక్కను సరిగా మూసి పెట్టడానికి కావలసిన కొద్ది సెకండ్లను అందించడం. అది నీరసించిందంటే ముందటి ముక్కలన్నీ ఉంటాయి, ప్రమాదం ముక్క ఒక్కటే పోతుంది. తాళం తీయగానే కెమేరా ‘భద్రపరుస్తున్నాను’ అన్న సూచన లేకుండా గుప్పున ఆరిపోతుంటే అనుమానించవలసిందే.

ఆగి ఆగి వెలిగే కెమేరాకు తొంభైపాళ్లు కరెంటు జబ్బే. సెల్‌ఫోను కోసం కారులో పెట్టిన యుఎస్‌బి రంధ్రాలు కొన్నిటిలో అర ఆంపియరుకు మించి రాదు, అది చాలదు. కెమేరాతో ఇచ్చిన ప్లగ్గునే, సిగరెట్ లైటరు గూటిలో పెట్టండి. తీగ మార్చి చూడండి. తీగను పక్క స్తంభం వెంట దించేటప్పుడు అక్కడ గాలిసంచి ఉందేమో మెకానిక్కును అడగండి. సంచి మీదుగా తీగ పోకూడదు. నేరుగా బ్యాటరీకి కలిపించుకునేవారు వోల్టేజి పడిపోతే తనంతట తాను తెగే ఏర్పాటును విధిగా పెట్టించుకోవాలి. లేదా పెళ్లికి వెళ్లవలసిన తెల్లవారుజామున కారును నలుగురూ కలిసి తోయవలసి వస్తుంది.

తేదీ, వేళ కూడా చూడండి. లోపలి గడియారం ఆగితే కెమేరా ఏదో పాత సంవత్సరపు జనవరి 1కి వెనక్కి పోతుంది. 2013 ఫిబ్రవరి 15న రష్యాలో చెల్యాబిన్‌స్క్ మీద ఉల్క పేలినప్పుడు, కార్ల కెమేరాలు పట్టిన బొమ్మలను కూడా తీసుకుని శాస్త్రజ్ఞులు అది వచ్చిన దారిని లెక్క కట్టారు. మన బొమ్మకు అంతటి యోగం పట్టకపోయినా, పోలీసు స్టేషనులో మధ్యాహ్నపు ప్రమాదానికి అర్ధరాత్రి వేళ చూపిస్తే ఎవరు నమ్ముతారు?

అద్దం శుభ్రం సంగతి ఇంటివారికే బాగా తెలుసు. బయట తుడుస్తారు గాని లోపలివైపు పట్టే జిడ్డుపొరను మరచిపోతారు. రాత్రి ఎదుటి దీపాలు పూలై విచ్చుకునేది దానివల్లనే. కళ్లజోడు గుడ్డతో లెన్సును మెల్లగా తుడవండి. కొత్త కెమేరా లెన్సు మీది పారదర్శకపు పొరను సీటు కవర్ల ప్లాస్టిక్కులాగా అలాగే కాపాడుకుంటున్న ఇళ్లున్నాయి, దయచేసి పీకివేయండి. డాష్‌బోర్డు మీద పరచిన తెల్లగుడ్డ నీడ అద్దంలో పడి రోడ్డును కప్పేస్తుంది. వేంకటేశ్వరస్వామిని తీయమని నేననను, కొంచెం పక్కకు జరపండి.

మరొక్క మాట. ఇది మాటలు కూడా పడుతుంది. అత్తవారి మీద చెప్పుకున్న ముచ్చట్లన్నీ కార్డులో భద్రంగా ఉంటాయి. అక్కరలేనివారు మైకు ఆపుకోవచ్చు.

సోదరి అడిగిన దానికి నా జవాబు: నెలకొక రోజు, గ్యాసు బండ బుక్కు చేసిన నాడో, పాలవాడి లెక్క చూసిన నాడో, కార్డు తీసి ఇంట్లో పెద్ద తెర మీద ఆడించి చూడండి. కెమేరాను ఆపిన తరువాతనే కార్డు తీయాలి సుమా. నిన్నటి తేదీ ఉన్నదా, ముందు బండి నంబరు చదవగలుగుతున్నామా, ఈ రెండే చూడండి. దీపాన్ని నమ్మకండి.

ఖర్మం చాలక ప్రమాదమే జరిగితే, దెబ్బ తగిలినవారిని చూసుకున్న తరువాత, కెమేరా ఆపి కార్డు తీసి దాచండి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం, ఇటువంటి బొమ్మకు నకలును కోర్టులో ఇచ్చేటప్పుడు ఒక ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఆ ఫైలుకు వేలిముద్ర వంటి ‘హాష్’ అనే అక్షరాల, అంకెల వరుస కూడా వ్రాయాలి. బంధువులకు వాట్సాప్‌లో పంపిన వీడియో దారిలో కుదించుకుపోతుంది, దాని వేలిముద్ర మారిపోతుంది. కనుక అసలు కార్డును ఒక కుంకుమ భరిణెలో పెట్టి బీరువాలో ఉంచండి. కెమేరాలోకి కొత్త కార్డు కొని వేయండి. పాతదే తిరిగి పెడితే పది గంటల ప్రయాణంలో దాని మీద మరో బొమ్మ ఎక్కుతుంది.