సాంటోరిని సరే, మన అహోబిలం లెక్కేంది?

ఎండాకాలం వచ్చిందంటే చాలు, మన నంద్యాల, ఆళ్లగడ్డ పిల్లోళ్ల ఫోన్లలో ఒకటే బొమ్మ. తెల్లటి గోడలు, నీలం గుమ్మటాలు, కింద సముద్రం. గ్రీసు దేశంలోని సాంటోరిని దీవి. "జీవితంలో ఒక్కసారన్నా ఆడికి పోవాల" అని స్టేటస్ పెట్టేటోళ్లు మా వీధిలోనే నలుగురైదుగురు ఉండారు. ఆశపడడంలో తప్పేం లేదు. సేద్యం చేసేటోళ్ల పిల్లలు దీవులు చూడగూడదని ఎవరూ రాసిపెట్టలేదు. కానీ ఆ బొమ్మ ఎనకాల ఒక లెక్క ఉంది. నేను ఆ లెక్క ఎందుకు చెప్తాండానంటే, అదే లెక్క ఇప్పుడు మన అహోబిలానికి, పక్కనున్న గండికోటకు వస్తాంది. మనం చూడకుండా కూచుంటే మన తరఫున ఇంకొకరు తేల్చేస్తారు.

పోవాలంటే ఏం కావాల?

గ్రీసుకు పోవాలంటే షెంగెన్ వీసా ఉండాల. 2024 జూన్ నుంచి పెద్దోళ్లకు ఫీజు 90 యూరోలు. మన డబ్బుల్లో తొమ్మిది వేలకు అటూ ఇటూ. వీసా ఇయ్యకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. కనీసం 30 వేల యూరోల ట్రావెల్ ఇన్సూరెన్సు చూపించాల. బ్యాంకు స్టేట్‌మెంటు, సంపాదన కాగితాలు, దిగే రూము బుకింగు, తిరిగొచ్చే టికెట్టు, అన్నీ పెట్టాల. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు, 15 రోజుల ముందుతో గడువు అయిపోతాది.

సంపాదన కాగితం కాడనే మనోళ్లు సగం మంది ఆగిపోతారు. కోవెలకుంట్ల పక్క నల్లరేగట్లో శనగ పండించే రైతుకు జీతం స్లిప్పు యాడిది? వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు గాబట్టి ఐటీ రిటర్నులు గూడ చానామందికి ఉండవు. భూమి కాగితాలు పెట్టొచ్చు గానీ, పంట డబ్బు ఏడాదికి ఒకటి రెండు సార్లు వచ్చి అప్పులకు పోయే ఖాతాను చూసి, ఈ మనిషి తిరిగొస్తాడని నమ్మించడం అంత తేలిక కాదు.

ఇంకొకటి సీజను. ఆ దీవుల్లో సీజను మే నుంచి అక్టోబరు దాకా. జూన్ వస్తే మనకు విత్తనం పనులు. ఉద్యోగం చేసుకుంటా డబ్బు కూడబెట్టుకున్నోళ్లు ఎవరన్నా నిజంగా పోతాంటే నా మాట ఒకటి వినండి. జూలై, ఆగస్టు వదిలేయండి. అందరూ పోయే సాంటోరినికి బదులు ఏథెన్సు పక్కనుండే పిరేయస్ రేవులో పడవెక్కి చిన్న దీవికి పోండి. ఎందుకో కింద చెప్తా.

దీవిలో బతికేటోళ్ల గోడు

సాంటోరినిలో కాపురముండే జనం 15 వేలు, అంతే. మన ఆళ్లగడ్డ టౌను కంటే తక్కువ. అట్లాంటి చోటికి 2023లో వచ్చిపోయినోళ్లు సుమారు 34 లక్షల మంది. 2024 జూలైలో ఒక్క రోజున పెద్ద ఓడల్లో నుంచి 11 వేల మంది దిగినారు. ఇంక తట్టుకోలేక 2025 నుంచి ఓడల్లో వచ్చేటోళ్లు రోజుకు 8 వేలు దాటగూడదని హద్దు పెట్టినారు. అదే ఏడాది జూలై నుంచి సీజనులో ఓడ దిగిన మనిషికి 20 యూరోల రుసుం గూడ పెట్టినారు.

డబ్బులు వస్తాండాయి గదా, బాధేంది అంటారు. ఇండ్లన్నీ టూరిస్టు గదులైపోతే ఆ దీవుల్లో పని చేసే టీచర్లకు, డాక్టర్లకు బాడుగ ఇల్లు దొరకడం లేదు. పారోస్ దీవిలో 2023లో జనం తువ్వాళ్లు పట్టుకుని సముద్రం ఒడ్డుకు చేరినారు. ఒడ్డంతా కుర్చీలు, గొడుగులు వేసి బాడుగకిస్తాంటే మేము యాడ కూచోవాల అని అడిగినారు. ఆ గొడవ దేశమంతా పాకింది. 2024లో గవర్నమెంటు రూలు తెచ్చింది, ఒడ్డులో సగమన్నా ఖాళీగా వదలాలని. జనం అడిగితేనే అది వచ్చింది.

రైతుబిడ్డలు వినాల్సింది నక్సోస్ దీవి కత. ఆడ ఆలుగడ్డ పంటకు పేరు. 2024లో వానల్లేక పెద్ద చెరువు ఎండిపోయింది. బావుల్లోకి సముద్రం నీళ్లు ఊరి పంట దెబ్బతింది. అదే ఎండాకాలం టూరిస్టుల రద్దీ. వాళ్లకు తాగేదానికి, స్నానాలకు, కొలనులకు నీళ్లు కావాల. ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే మిషన్లు తెచ్చుకోవాల్సి వచ్చింది. కేసీ కాలువ నీళ్ల కోసం కొట్లాడిన జిల్లా మనది. నీళ్లు తక్కువైనప్పుడు ముందు ఎవరికి అనే ప్రశ్న మనకు కొత్తేం కాదు.

అన్నిటికంటే నాకు ముల్లులా గుచ్చుకున్న సంగతి వేరే ఉంది. యూరోపియన్ యూనియన్ లెక్కల ప్రకారమే, గ్రీసు జనంలో సగానికి దగ్గరగా ఉండేటోళ్లకు ఏడాదికి ఒక వారం గూడ ఊరు దాటి సెలవు గడిపే స్తోమత లేదు. లోకమంతా వాళ్ల దీవులకు పోతాంది, వాళ్లు మాత్రం ఇంట్లో కూచుంటాండారు.

మన అహోబిలం గూడ దీవే

ఇప్పుడు మన ఊరికి రాండి. ఎగువ అహోబిలం చుట్టూ నీళ్లు లేవు గానీ, చుట్టూ నల్లమల ఉంది, అదీ పులుల అడవి. పైకి పోయే దారి ఒకటే, ఆడికే ఆగిపోతాది. భవనాశి ఎండితే నీళ్లకు కటకట. కొండల్లో, గుట్టల్లో తొమ్మిది నరసింహ క్షేత్రాలు. జ్వాలా నరసింహుని కాడికి నడవాల, పావన నరసింహుని కాడికి అడవిలో జీపులు పోవాల. స్వాతి నక్షత్రం రోజు, సెలవు రోజు, ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలప్పుడు చూడండి జనాన్ని. చిన్న చోటు, పెద్ద గుంపు. సాంటోరిని కతే.

ఈ గుంపు ఇంక పెరుగుతాది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయినప్పుడు అహోబిలం, మహానంది, యాగంటి, శ్రీశైలం, బెలుం గుహలు అన్నీ ఒకే జిల్లాలోకి వచ్చినాయి. 2024 ఆఖర్లో రాష్ట్రం కొత్త టూరిజం పాలసీ తెచ్చి, టూరిజానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. కడప జిల్లా గండికోటకు కేంద్రం దగ్గర దగ్గర 78 కోట్లు మంజూరు చేసింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడోళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. దీన్ని తక్కువగా చూడొద్దు. కూలికి పోయే మా అక్కలు, పిన్నమ్మలు బస్సు ఖర్చు లేకుండా నంద్యాల నుంచి మహానందికో, ఆళ్లగడ్డ నుంచి అహోబిలానికో పోయొస్తాండారంటే అది పెద్ద మార్పే. కానీ బస్సు దిగినాక ఏంది? శుభ్రమైన మరుగుదొడ్డి, తాగే నీళ్లు, నాలుగు గంటలు నీడన కూచునే చోటు, ఒక రాత్రి ఉండాలంటే అందుబాటు బాడుగకు గది. పాలసీలో పెద్ద హోటళ్లకు రాయితీలు రాసేటోళ్లు ఈ నాలుగూ ముందు రాయాల.

ఫ్యాక్టరీ కార్మికునికి చట్టం ప్రకారం ఇరవై రోజుల పనికి ఒక రోజు జీతంతో సెలవు వస్తాది. మిరప కోతకు పోయే కూలోళ్లకు అట్లాంటిదేం లేదు. పనికి పోని రోజు కూలి రాదు. వాళ్లకు సెలవు అంటే తిరణాలే. గ్రీసులో కార్మికులకు, పని లేనోళ్లకు గవర్నమెంటే వోచర్లు ఇచ్చి, గది ఖర్చులో కొంత భరిస్తాది. సామాజిక పర్యాటకం అంటారు దాన్ని. అట్లాంటిది మన రాష్ట్రంలో ఎందుకు అడగగూడదు?

అడగాల్సినవి ఇవి

మొదటిది, హద్దు. అహోబిలం రోజుకు ఎంతమందిని మోయగలదు? నీళ్లు, దారి, అడవి చూసి లెక్క కట్టి బయట పెట్టాల. పండగ రోజుల్లో సొంత కార్లు దిగువనే ఆపి, పైకి బస్సులే నడపాల.

రెండోది, గదులు. అతిథులను ఇంట్లో పెట్టుకుని సంపాదించే అవకాశం ఊరోళ్లకు రావాల. పొదుపు సంఘం ఆడోళ్లకు దానికి అప్పు ఇప్పించాల. పొద్దున్నే ఉగ్గాని బజ్జి, మద్దేల సంగటి పెడితే హైదరాబాదోళ్లు డబ్బులు ఇయ్యరా?

మూడోది, పని. తమిళనాడు నుంచి వైష్ణవ భక్తులు ఎప్పటి నుంచో వస్తాండారు. నాలుగు తమిళం ముక్కలు, కాస్త ఇంగ్లీషు, ఫస్ట్ ఎయిడ్ నేర్పిస్తే మన పిల్లోళ్లు, ముఖ్యంగా చెంచు పిల్లోళ్లు, మంచి గైడ్లు అవుతారు. ఆళ్లగడ్డ శిల్పులు రాతిని చెక్కేది చూపించినా ఒక పూట ప్రోగ్రామే. చెంచులకు నరసింహస్వామి అల్లుడు. అత్తగారి ఊర్లో వాళ్లను పక్కన నిలబెట్టి బయట కాంట్రాక్టర్లకు పనులిస్తే అంతకంటే అన్యాయం ఉండదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం అడవి మీద వాళ్లకూ హక్కుంది, వాళ్ల గ్రామసభకు మాట చెప్పే అధికారం ఉంది.

నాలుగోది, చెత్త. గ్రీసులోనే టిలోస్ అని చిన్న దీవి, వెయ్యి మంది గూడ లేరు. 1993లోనే వేట మానేసినారు. గాలి, ఎండ నుంచి కరెంటు తీసుకుని బ్యాటరీల్లో దాచుకుంటారు. ఈ మధ్య ఇంటింటికీ పోయి చెత్త వేరు చేసి తెచ్చే పద్ధతి పెట్టి, చెత్తకుప్పే లేకుండా చేసుకున్నారు. చిన్న దీవికి పొమ్మని పైన చెప్పింది ఇందుకే. దాన్ని చూసేదానికే జనం పోతాండారు. వెయ్యి మంది లేని ఊరు చేసుకున్నది, మన పంచాయతీ, దేవస్థానం, అటవీ శాఖ కలిస్తే కాదా?

ఒక సంగతి గుర్తు పెట్టుకోండి. సంక్రాంతి దాటినాక అహోబిలం స్వామి పారువేటకు బయలుదేరి, ఆళ్లగడ్డ చుట్టుపక్కల ముప్పైకి పైగా ఊర్లు తిరుగుతాడు. నలభై రోజులకు పైగా. తన పెండ్లికి రమ్మని ఊరూరా పిలుస్తాడని మన నమ్మకం. అతిథిని పిలిచేది ఎట్లనో, ముందు సొంతోళ్ల గడప తొక్కాలని ఈ నేలకు ఎప్పుడో తెలుసు. ఇప్పుడు వచ్చే టూరిజం ప్లాన్లు గూడ ఆ వరసలోనే రావాల. ముందు ఊర్లు తిరగాల, ఊరోళ్లను అడగాల.

గ్రీసుకు పోయేటోళ్లు పోండి, చూసి రాండి. పోలేనోళ్లు చిన్నబోవద్దండి. కానీ ఈసారి మీ ఊర్లో గ్రామసభ పెట్టినప్పుడు ఫోను జేబులో పెట్టుకుని పోయి, అహోబిలం ప్లాను కాగితం చూపించమని అడగండి. పారోస్‌లో తువ్వాళ్లతో వచ్చినోళ్లు గూడ మనలాంటి మామూలు జనమే.