తపాలాలో పెరిగిన పాట

లాస్ ఏంజిలిస్ నగరమున జిమ్మీ టాంబరెల్లో ఎలక్ట్రానిక్ వాద్యములపై తాళగతులను, స్వరఖండములను కూర్చి, టేపున కెక్కించి తపాలాలో పంపగా, సియాటిల్‌లో బెన్ గిబ్బర్డ్ దానిని పలుమారు లాలకించి, తనకు తోచినచోట మార్చుకొని, గిటారు చేర్చి, తన సన్నని గొంతుతో సాహిత్యమును పాడి మరల పంపుచుండెడివాడు. ఇట్లు ఉత్తరప్రత్యుత్తరములుగా పెరిగిన పాటలే 2003 ఫిబ్రవరిలో సబ్ పాప్ సంస్థ వెలువరించిన ‘గివ్ అప్’ ఆల్బమ్. ఆ జంట ‘ది పోస్టల్ సర్వీస్’ అని పేరు పెట్టుకొనుటయు నందువలననే. ఆ పేరుపై అమెరికా తపాలాశాఖ తొలుత ఆక్షేపణ నోటీసు పంపినను, పిదప రాజీపడి ఆ డిస్కును తానే విక్రయించినది.

యంత్రము చొచ్చినచోట పాటలో ఆర్ద్రత నిలువదని తలచువారు మనలో పెక్కుమంది కలరు. వారు ఆ ఆల్బమ్‌లోని ‘సచ్ గ్రేట్ హైట్స్’ అను పాటను ఒకమారు సావధానముగా వినవలెను. మొదట చిన్న చిన్న యంత్రనాదములు చినుకులవలె ఎడతెగక రాలును. వెనుక డ్రమ్ము వడిగా పరుగెత్తును. ఇంతలో ప్రవేశించిన గొంతు మాత్రము ఆ వడికి లోబడక, పదమును నెమ్మదిగా సాగదీయుచు, చెంతనున్నవారితో మాటలాడు స్థాయిలోనే పాడుకొనిపోవును. దూరముననున్న ప్రియజనులయెడ మనసునకు గలుగు ఆరాటమంతయు తాళమునందును, దానిని పైకి పొక్కనీయని నిగ్రహమంతయు గొంతునందును నిలిచియుండుటచే, ఒకదానిని తొలగించినచో రెండవది సగమే యగును.

ఇదే పాటను ‘ఐరన్ అండ్ వైన్’ పేర పాడు సామ్ బీమ్, గిటారును గుసగుసవంటి కంఠమును మాత్రమే నమ్ముకొని పాడగా, 2004లో ‘గార్డెన్ స్టేట్’ చిత్రము మూలమున అది మిక్కిలి ప్రచారము నొందినది. కావున యంత్రము అనావశ్యకమని నిశ్చయింపవచ్చునా? నేనట్లు తలపను. బీమ్ గానము సేదదీర్చును, కనులు మూయించును. మూలగానము నిదుర పోనీయదు. రెండును నాకు ప్రియములే, కాని మనసును వెంటాడునది మూలగానమే.

ఆ జంట మరియొక స్టూడియో ఆల్బమ్ చేయలేదు. చేసిన ఆ ఒక్కటియే అమెరికాలో పది లక్షల ప్రతుల మేర దాటినది. ఆ ఫలమునకు మూలము యంత్రనైపుణ్యముకంటె వారొండొరుల కిచ్చుకొనిన వ్యవధియు, స్వాతంత్ర్యమును అని నా దృఢవిశ్వాసము. నేడు మన సినిమాపాటలకును గాయకులొక ఊర, సంగీతదర్శకులొక ఊర నుండియే పని సాగుచున్నది. అయినను గాయని కందునది తరచుగా తుదిరూపు దిద్దుకొనిన ట్రాకు, ఆమె చేయవలసినది దానిపై గొంతు నిలుపుటయే. మన సంగీతదర్శకులు ఒక్క పాటనైనను సగములో నిలిపి, మార్చుకొను అధికారముతోను, తగిన గడువుతోను గాయకులకు పంపి చూడవలెనని మనసార కోరుచున్నాను.