చిలక్కి లేని మంట మనకెందుకు?

పండు మిరపకాయని చిలక ఎలా తింటుందో ఎప్పుడైనా చూశారా? మా గుంటూరు వైపు చేలల్లో చూడొచ్చు. హాయిగా కొరుక్కు తినేసి ఎగిరిపోతుంది. అదే కాయ మనం కొరికితే చెవుల్లోంచి పొగలే!

మన నాలుక మీద టీఆర్‌పీవీ1 అనే రిసెప్టర్ ఉంటుంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే ‘కాలుతోంది’ అని మెదడుకి చెప్పడం దాని డ్యూటీ. మిరపలోని క్యాప్సైసిన్ సరిగ్గా ఆ స్విచ్చే నొక్కేస్తుంది. నోట్లో నిజంగా ఏమీ కాలదు. కానీ మెదడు నమ్మేసి చెమటలు పట్టిస్తుంది. మా ఆఫీసు భాషలో ఫాల్స్ అలారం. అంటే కారం రుచి కాదండీ, నొప్పి! ఈ స్విచ్‌ని 1997లో పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కి 2021 నోబెల్‌లో వాటా దక్కింది.

పక్షుల్లోనూ ఈ రిసెప్టర్ ఉంది, క్యాప్సైసిన్‌కి మాత్రం స్పందించదు. ఇందులో మిరప మొక్క లాభం చూడండి. ఎలకలాంటివి గింజల్ని నమిలేస్తాయి. పక్షులు మింగి, దూరంగా ఎక్కడో రెట్టలో వేస్తాయి, అవి మొలుస్తాయి. జంతువులకి ‘రావద్దు’ అని మొక్క పెట్టిన బోర్డుని మనం పచ్చడి చేసుకుని తింటున్నాం! ప్రమాదం లేదని తెలిశాక మనసు ఆ అలారాన్నే ఎంజాయ్ చేస్తుందని సైకాలజిస్టు పాల్ రోజిన్ అంటారు. దెయ్యం సినిమాకి టికెట్ కొన్నట్టే.

అన్నట్టు, ఎక్కువ ఘాటు గింజల్లో ఉండదు. గింజలు అంటుకుని ఉండే తెల్లటి భాగంలో ఉంటుంది.

ఇదంతా కంచంలో ఒక్క కాయ ఉన్నవాళ్ల సరదా. ఎండాకాలం మొదట్లో కల్లాల దగ్గర పొద్దున్నించి సాయంత్రం దాకా తాలుకాయలు ఏరే ఆడవాళ్లకి ఈ అలారం ఆగదు. ఆ రిసెప్టర్ చర్మంలో, కళ్లలో, గొంతులో కూడా ఉంది మరి. మా పెద్దమ్మ సీజన్లో రాత్రుళ్లు చేతులు బకెట్ నీళ్లలో ముంచుకుని కూర్చునేది. తీస్తే మళ్లీ మంట. క్యాప్సైసిన్ నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే ముందు చేతులకి వంటనూనె రుద్ది తుడిచేసి, తర్వాత సబ్బుతో కడగాలి. నోరు మండితే నీళ్లకన్నా పాలో పెరుగో నయం.

దగ్గు తెప్పించే ఆ ఘాటు దుమ్ముకి మాత్రం నూనె వైద్యం లేదు, ముక్కుకి అడ్డం ఉండాల్సిందే. టిక్కీ లెక్క రాసేటప్పుడు గోనెసంచి, లారీ బాడుగ, హమాలీ అన్నీ గుర్తొస్తాయి. ఏరే మనిషికి ఓ మాస్కు, ఓ జత గ్లౌజులు మా ఊళ్లో ఎవరి లెక్కలోనూ నేను చూడలేదు. ఎంతవుతుందని!

కల్లం నుంచొచ్చి పసిబిడ్డని ఎత్తుకునే అమ్మలకైనా, పచ్చిమిర్చి తరిగి కాంటాక్ట్ లెన్సులు తీసే మీకైనా వరస ఒకటే: నూనె, సబ్బు, ఆ తర్వాతే నీళ్లు.