మొక్క తయారుచేసుకునే పురుగుమందు

‘చెట్టు మందే కదా డాక్టరుగారూ, హాని ఏముంటుంది?’ కామెర్లకు పసరు తాగించి, పరిస్థితి విషమించిన తరువాత రోగిని ఆసుపత్రికి తెచ్చిన బంధువులు అడిగే ప్రశ్న ఇది. దీనికి మంచి సమాధానం బ్రూస్ ఏమ్స్ అనే అమెరికన్ జీవరసాయన శాస్త్రవేత్త పరిశోధనలో ఉన్నది.

1928లో న్యూయార్క్‌లో పుట్టి, 2024లో 95 ఏళ్ల వయస్సులో మరణించిన ఏమ్స్, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. ఆయనకు పేరు తెచ్చినది 1970వ దశకంలో రూపొందించిన చవకైన పరీక్ష. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని స్వయంగా తయారుచేసుకోలేని సాల్మొనెల్లా బాక్టీరియాను ఆయన ఎంచుకున్నారు. ఆ ఆమ్లం అందని పళ్లెంలో అది వృద్ధి చెందలేదు. అనుమానమున్న రసాయనాన్ని ఎలుక కాలేయపు సారంతో కలిపి చేర్చినప్పుడు అది గుంపులుగా పెరిగితే, ఆ రసాయనం దాని జన్యువులను మార్చినదని అర్థం. కాలేయపు సారం ఎందుకంటే, చాలా పదార్థాలు కాలేయంలో రూపం మారిన తరువాతనే విషమవుతాయి. జంతువులపై ఏళ్ల తరబడి చేసే పరీక్షలకు ముందు జల్లెడవంటిది ఇది. రెండు రోజులలో ఫలితం తెలుస్తుంది. నేటికీ కొత్త మందులు ఈ జల్లెడ దాటవలసిందే.

1977లో ఆర్లీన్ బ్లమ్‌తో కలిసి, పిల్లల రాత్రి దుస్తులకు మంట అంటకుండా వాడే ట్రిస్ అనే రసాయనం జన్యువులను దెబ్బతీస్తుందని చూపారు. అదే ఏడాది అమెరికా ఆ దుస్తులలో దానిని నిషేధించింది. పర్యావరణవాదులు ఆయనను నెత్తిన పెట్టుకున్నారు.

తరువాత ఆయన అదే ప్రశ్నను కూరగాయలకు వేశారు. అక్కడ పాత మిత్రులు కొందరు దూరమయ్యారు.

మొక్క శత్రువు నుండి పారిపోలేదు. రక్తంలో తిరుగుతూ కాపాడే కణాలు దానికి లేవు. పురుగు కొరికినా, బూజు సోకినా, దాని కణాలు తమ విషాన్ని తామే వండుకోవాలి. ఎండ తగిలి పచ్చబడిన బంగాళాదుంపలో సొలనిన్ పెరుగుతుంది. ఉడికించినా అది పోదు, కనుక అటువంటి దుంపను పారవేయండి. బూజు సోకిన చిలగడదుంప తయారుచేసుకునే రక్షక పదార్థం నుండి పుట్టే విషం పశువుల ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. పురుగును తట్టుకునేలా పెంచిన ఒక సెలరీ ఆకుకూర వంగడాన్ని తాకి ఎండలో తిరిగినవారి చర్మం దద్దుర్లెక్కింది.

అమెరికన్ల ఆహారంలోని పురుగుమందులలో బరువు ప్రకారం 99.99 శాతం మొక్కలు తయారుచేసుకున్నవేనని 1990లో ఏమ్స్ బృందం ప్రకటించింది. అటువంటివి మనిషి రోజుకు సుమారు 1.5 గ్రాములు తింటున్నాడని వారి అంచనా. అప్పటికి భారీ మోతాదులలో పరీక్షించిన 52 సహజ పదార్థాలలో 27 ఎలుకలకు క్యాన్సర్ కలిగించాయి. అలాగని ఆయన కూరగాయలు మానమనలేదు, మరింత తినమన్నారు. అంత భారీ మోతాదే కణాలను చంపి, మిగిలినవాటిని వేగంగా విభజింపజేసి, ఫలితాన్ని తారుమారు చేయగలదన్నది ఆయన వాదన.

ఈ లెక్కను పురుగుమందులను వెనకేసుకువచ్చేవారు కూడా ఉత్సాహంగా వాడుకుంటారు. అక్కడే నాకు అభ్యంతరం. ఏమ్స్ లెక్క భోజనపు పళ్లెంలో మిగిలిన అవశేషాలది, అదీ అమెరికా పళ్లెంలోనివి. మన సంతలోని వంకాయ మీద ఎంత మందు మిగిలినదో అది చెప్పదు. పత్తిచేనులో ముక్కుకు గుడ్డ కూడా లేకుండా, వీపున డబ్బా మోస్తూ, గాలికి ఎదురుగా పిచికారి చేసే కూలీ శరీరంలోకి వెళ్లే మోతాదు గురించి అసలే చెప్పదు. తినేవాడికి వేసిన లెక్కను కొట్టేవాడికి వర్తింపజేయడం విషశాస్త్రం కాదు, వ్యాపారం.

ఇక పసరు విషయానికి వద్దాం. గన్నేరు, ఉమ్మెత్త, గురివింద గింజ అన్నీ ప్రకృతి ఇచ్చినవే. పసరు ఇచ్చేవారిని మూడు ప్రశ్నలు అడగండి: ఏ మొక్క, ఎంత మోతాదు, ఎన్ని రోజులు? సమాధానం ‘అది చెప్పకూడదు’ అయితే తాగవద్దు. కామెర్లలో అప్పటికే దెబ్బతిని ఉన్నది కాలేయమే. ఆ తెలియని విషాన్ని విడగొట్టవలసినదీ అదే.

మరొక సంగతి. మోనోక్రోటోఫాస్ వంటి పురుగుమందు విషమెక్కి వచ్చిన కూలీకి అత్యవసర విభాగంలో మేము ముందుగా ఎక్కించేది అట్రోపిన్. ఉమ్మెత్త కుటుంబపు మొక్కలు తమ రక్షణకు తయారుచేసుకునే విషాలలో అది ఒకటి. చుక్క చుక్కగా, కనుపాపను, నాడిని, ఊపిరితిత్తుల చప్పుడును చూసుకుంటూ ఎక్కిస్తాము.